ఆలకి చూపిన అంకె

2068 జులై, అక్కడ నడి చలికాలం. ఎంజోంబె కొండల్లో చలి ఎముకలు కొరికేస్తోంది. టాంజానియా దక్షిణ భాగంలోని ఆ వాలుల్లో అప్పటికి ప్రతి ఆవు చెవికీ ఒక పోగు ఉండేది. ఆవు తేన్చినప్పుడల్లా ఎంత మీథేన్ వదిలిందో కొలిచి, ఆ పోగు ఉపగ్రహానికి చెప్పేది. పాలను డ్రోన్లు మోసుకుపోయేవి. మనుషుల బతుకులు మాత్రం పెద్దగా మారలేదు. ఇంటికి రెండేసి ఆవులు, ఏటవాలు మీద అరెకరం బంగాళాదుంప చేను, అంతే.

చట్టం ఒకటి మారింది. చిన్నరైతులతో మాట్లాడకుండా పశుపోషణ ప్రణాళిక ఏదీ అమలు చేయకూడదని అక్కడి దేశాలన్నీ కలిసి తీర్మానించుకున్నాయి. నిజంగా మాట్లాడారని, ఒకరి మాట ఒకరికి ఎక్కిందని రుజువేమిటి? ఆ రుజువు కోసమే డాక్టర్ పోలూరి యలమంద ‘ఆలకి’ని కనిపెట్టాడు.

ఆలకి తలకు కట్టుకునే పట్టీ. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మనసుపెట్టి అర్థం చేసుకున్నప్పుడు, ఇద్దరి మెదళ్లలోని విద్యుత్ తరంగాలు ఒకే లయలో పడతాయి. మాట ఊరికే చెవిన పడిపోతే ఆ లయ కుదరదు. ఎంతవరకు కుదిరిందో ఆలకి సున్నా నుంచి వంద వరకు ఒక అంకెగా చెబుతుంది. దాని పేరు ఆలకింపు సూచీ. రైతుల సూచీ డెబ్బై దాటితే ప్రణాళికకు ఆమోదం దొరికినట్టే. రైతులను పరీక్షకు కూర్చోబెట్టారన్న మాట రాకూడదని, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ పట్టీ కట్టుకోవాలని నియమం పెట్టింది కూడా యలమందే. ఆ నియమంతో అతనికి చాలా మంచి పేరొచ్చింది.

ఆ రోజు సహకార సంఘం హాల్లో అరవైమంది రైతులు కూర్చున్నారు. యలమంద గంటసేపు ప్రణాళిక వివరించాడు. ఇంటింటి ఆవులనూ లోయలో కట్టే ఉమ్మడి కొట్టాలకు తరలిస్తారు. మేత, వైద్యం అన్నీ అక్కడే. మీథేన్ సగానికి తగ్గుతుంది, పాలు రెట్టింపవుతాయి. పట్టీల అంకెలు చేర్చే యంత్రం దగ్గర కూర్చున్న నీమా కడూమ, ఆ జిల్లాకే చెందిన యువ పశుశాస్త్రవేత్త, సూచీ ఎనభై ఒకటని చెప్పింది. యలమంద తృప్తిగా మంచినీళ్లు తాగి, ఇక మీరు మాట్లాడండి అన్నాడు.

ఒలివా మ్లిగో అనే అరవయ్యేళ్ల రైతు లేచింది. ఆమె స్వాహిలీ మాటలను అనువాద యంత్రం అతని చెవిలో తెలుగులో చెబుతోంది. హాయిగా ఉంటుందని అతను దానికి కందుకూరు వైపు యాస పెట్టుకున్నాడు. చిన్నప్పుడు మేనత్తలు మాట్లాడిన యాస అది. ఒలివా చాలాసేపు మాట్లాడింది. యలమంద తల ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఆపగానే చాలా విలువైన సంగతి చెప్పారని, రాసుకున్నామని అన్నాడు.

ఆమె కూర్చోలేదు.

“నాయనా, నీ తలకి గూడా పట్టీ ఉండాది గదా. అదేం చెప్తా ఉండాది?”

నీమా అతనివైపు చూసింది. నియమం అతనిదే కాబట్టి కాదనలేకపోయాడు. ఆలకినే అడగమన్నాడు.

“డాక్టర్ యలమంద సగటు సూచీ ఆరు,” అంది ఆలకి మెత్తగా.

పట్టీ వదులైనట్టుందని యలమంద సర్దుకోబోయాడు.

“పట్టీ సరిగ్గానే ఉంది. ఆమె మాట్లాడిన తొమ్మిది నిమిషాల్లో మీ సూచీ ఒక్కసారి డెబ్బై దాటింది.”

“ఎప్పుడు?”

“ఇంత దూరం వచ్చినందుకు ఆమె మీకు ధన్యవాదాలు చెప్పినప్పుడు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. అరవైమందీ తమ చేతుల వంక, నేల వంక చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒలివాయే జాలిపడింది.

“పోన్లే నాయనా, ప్రయాణపు అలుపు. మళ్లా చెప్తా. పాలు మీరు తీసుకెళ్తే తీసుకెళ్లండి. పేడ యాడికి పోద్ది? ఈ వాలు మీద మట్టి నిలబడేది ఆ పేడతోనే. ఆవులు లోయలో ఉంటే గంపలతో కొండెక్కాల్సింది మా ఆడోళ్లమే. ఎక్కలేని నాడు చేను చచ్చిపోద్ది.”

ఈసారి అతను ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. సూచీ ముప్పై నాలుగు, యాభై రెండు, అరవై ఎనిమిది అంటూ పెరిగింది. పేడంతా గ్యాస్ ప్లాంటుకే అని ప్రణాళికలో ఒకే ఒక్క వాక్యం ఉంది. రాసింది తనే. ఆ వాక్యం ఈ ఊరి పొలాలన్నింటినీ తినేస్తుందని అప్పుడు గాని అతనికి అర్థం కాలేదు.

అందరూ వెళ్లాక తన పాత సమావేశాల సూచీలు చెప్పమని ఆలకిని అడిగాడు. రెండేళ్లలో పదకొండు దేశాలు, రెండు వందల పద్నాలుగు సమావేశాలు. సగటు ఏడు. నివేదికల్లో రైతుల అంకెలే అచ్చవుతాయి కాబట్టి తన అంకెను ఎవరూ చూసి ఉండరని అతను పైకే అనుకున్నాడు.

“నేను చూశాను సర్,” అంది నీమా. “చేరిన మొదటి నెల్లోనే. చెబితే మీరు వింటారని అనిపించలేదు.”



ఆ వారమే ప్రణాళిక మార్చాలని యలమంద తనను పంపిన సంస్థ డైరెక్టరుకు రాశాడు. ఆయన తెరమీదికి వచ్చి ఆప్యాయంగానే మాట్లాడాడు. కొట్టాల పని మొదలైపోయిందని, ఇప్పుడు ఆపడం కుదరదని చెప్పాడు. నిపుణుల అంకెలు అనవసరమైన గందరగోళం తెస్తున్నాయి గనుక, కొత్త ఆలకిని రైతులు మాత్రమే కట్టుకుంటారట. పాత రికార్డుల్లోంచి కూడా నిపుణుల అంకెలు తీసేస్తారట. దానికి ఆవిష్కర్త సంతకం కావాలి.

ససేమిరా అనాలనే యలమంద గట్టిగా అనుకున్నాడు. కానీ తన పేరు పక్కన ఆ ఏడు అంకె ఎప్పటికీ ఉండిపోతుందన్న ఆలోచన అతన్ని వదల్లేదు. సంతకం పెట్టేశాడు. నీమా తన పట్టీ విప్పి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఉద్యోగానికి రాలేదు.

మూడేళ్ల తర్వాత కొట్టాల తనిఖీకి అతను మళ్లీ ఎంజోంబె వెళ్లాడు. పాలు నిజంగానే రెట్టింపయ్యాయి. వాలు మీది మట్టి వానలకు కొట్టుకుపోయి ఎర్రటి చారలు పడ్డాయి. దుంపలు గోలీలంత ఊరుతున్నాయి. ఒలివా తన చేలో, ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది. అతన్ని గుర్తుపట్టి పలకరించింది.

క్షమించమని ఆమెను ఎలా అడగాలో యలమంద విమానంలో వస్తున్నంతసేపూ సిద్ధం చేసుకున్నాడు. ఆమె చేనువైపు చెయ్యి చాపి ఏదో చెబుతోంది. అతను తన మాటలను ఒక వరసలో పెట్టుకుంటున్నాడు. మొదట పేడ సంగతి ఎత్తాలా, సంతకం సంగతి ఎత్తాలా? ఇంతలో ఆమె ఆగింది. ఏదో అడిగి, జవాబు కోసం చూస్తోంది.

ఏం అడిగిందో అతనికి తెలియదు. ఒక్క ముక్క కూడా వినలేదు. మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాలేదు.

“అవునమ్మా,” అని తల ఊపాడు.

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. తర్వాత గంప ఎత్తుకుని లోయవైపు దిగిపోయింది. ఆమె మాటలన్నీ అనువాద యంత్రంలో భద్రంగానే ఉన్నాయి. మళ్లీ వినిపించమంటారా అని అది అతని చెవిలో అడిగింది.

యలమంద వద్దన్నాడు.