తెల్ల దొరసాని అడిగిన దారి

విల్డెన్‌రోడా కోటలో పడమటి వసారా అంటే వేటకుక్కలు కూడా తోక ముడిచేవట. గోడల నిండా చచ్చిపోయిన డ్యూకుల పటాలు... చీకటి పడితే వాటి మధ్య తెల్ల దొరసాని తిరుగుతుందని పేరు. ఆవిడ ఎవరి గుమ్మం తొక్కితే వాళ్ళకు నూకలు చెల్లినట్టే.

అయినా ఆవిణ్ణి చూశామని చెప్పుకోవడం కోటలో గొప్ప! ఎందుకంటే — నిఖార్సైన రాజరక్తానికే ఆవిడ కనిపిస్తుందట. పెద్ద డచెస్ సిడోనియాగారు ఎన్నోసార్లు చూశారట. చూసిన మర్నాడల్లా రెండు సాసేజీలు ఎక్కువే తిన్నారు.

కోడలు ఒట్టీలియా చిన్న జమీందారు కూతురు. డ్యూకు ముచ్చటపడి చేసుకున్నాడు. చేసుకుని, వేటకు పోయాడు.

"నీకెందుకు కనిపిస్తుందే అమ్మాయ్?" అనేవారు అత్తగారు పదిమందిలో. "మీ ఇంటి దెయ్యాలు గొర్రెలు కాస్తాయేమో!"

ఒక చలికాలపు రాత్రి భోజనాలయ్యాక, "ప్రార్థనామందిరంలో నా బొచ్చుశాలువా మరిచాను. పడమటి వసారా దగ్గరదారి. నౌకర్లు వద్దు, నువ్వే పట్రా," అన్నారు.

ఒట్టీలియా కొవ్వొత్తి పట్టుకుని బయల్దేరింది. కెవ్వుమందా — తెల్లారేసరికి కోటంతా నవ్వుతుంది. వెనక్కి తిరిగిందా — పుట్టింటికి బండి కడతారు.

సగం దూరం పోయేసరికి కొవ్వొత్తి ఆరిపోయింది. గాలి లేదు...

ఎదురుగా తెల్లగా — ఎవరో. అడుగుల చప్పుడు లేదు. గౌను నేలకు రాసుకుంటున్న సవ్వడే. దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికొచ్చింది... అప్పుడే తవ్విన మట్టి వాసన. చెవి దగ్గరికి వంగి ఏదో అడిగింది.

ఒట్టీలియా చెయ్యెత్తి ఓ వైపు చూపించింది. తెల్లటి తల ఒకసారి ఊగింది. అంతే... ఎవరూ లేరు.

పొద్దున ఫలహారాల దగ్గర శాలువా ఇస్తూ, "కనిపించింది అత్తగారూ," అంది మెల్లగా.

పెద్దావిడ పకపకా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! అది మన దాసి గెర్లిండే! దుప్పటి కప్పి నేనే పంపాను!"

కాఫీ పోస్తున్న గెర్లిండ్ చెయ్యి ఆగిపోయింది. "క్షమించండి దొరసానీ... నేను వెళ్ళలేదు. భయమేసి... వంటింట్లోనే పడుకున్నాను."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"ఏమడిగిందే... నిన్ను?"

"మీ గది ఎటని. ఇవాళ రాత్రికి రావాలట."

"చెప్పేశావా?!"

ఒట్టీలియా రొట్టెకు వెన్న రాసుకుంటూ, "చూపించాను అత్తగారూ," అంది. "గొప్పింటివాళ్ళు అడిగితే జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు కదండీ!"