తెల్ల చామంతుల చెండు

“అట్ల గుంజొద్దు పాపా, మెల్లగా!” అంది ఎస్తేరమ్మ.

“నాకు తెలుసులే అత్తా. మాది పూలు కట్టే ఇల్లు!” అంది రంగనాయకి తలెత్తకుండానే.

ఆ మాట అబద్ధమేం కాదు. వాళ్ల నాయన వరదరాజులుకు నంద్యాలలో పూల అంగడి ఉంది. తాతల కాలంలో వాళ్లు అహోబిలం గుడికి మాలలు కట్టినవాళ్లు. పదేళ్ల రంగనాయకి అరటినారతో చకచకా పూలు కడుతుంటే పెద్దవాళ్లు కూడా నిలబడి చూసేవారు. ఆ పొగడ్తలన్నీ పాపం పిల్ల నెత్తికెక్కి కూర్చున్నాయి.

కర్నూలు మనకు రాజధాని అయిన కొత్తల్లో సంగతి ఇది. ఆ రోజు పక్కింటి రూతు పెళ్లి. రూతు అంటే రంగనాయకికి ప్రాణం. రోజూ తల దువ్వి జడ వేసేదీ, ఎక్కాలు అప్పజెప్పించుకునేదీ ఆ అక్కే. పెళ్లయితే అక్క నందికొట్కూరు వెళ్లిపోతుంది. అందుకే, అక్క చర్చిలో చేత పట్టుకునే పూలచెండు తానే కట్టాలని రంగనాయకి పట్టుబట్టింది.

ఆ చెండును నారతో కట్టరు. ఒక్కో పువ్వుకు సన్నని ఇనప తీగ గుచ్చాలి. తీగ కొసలు రెండూ కాడ వెంట కిందికి వంచాలి. పైన పచ్చకాగితం పట్టీ చుట్టాలి. అప్పుడు పువ్వును ఎటు వంచితే అటు నిలబడుతుంది. ఈ పనిలో రూతు చిన్నమ్మ ఎస్తేరమ్మది మంచి చెయ్యి. రెండు పూలు చేసి చూపించింది. మూడోది చూపించబోతే, “చాల్లే అత్తా, వచ్చేసింది” అని రంగనాయకి తీగ లాక్కుంది. ఎస్తేరమ్మ నవ్వుకుంటూ పెళ్లికూతురికి చీర కట్టడానికి లోపలికి వెళ్లింది.

గుచ్చుతూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? రంగనాయకి తీగను పువ్వు మెడకు చుట్టి, నారను బిగించినట్టే గట్టిగా లాగింది. తడినార మెత్తగా ఉంటుంది, ఎంత లాగినా పువ్వుకేమీ కాదు. తీగ అలా కాదు కదా, లేత కాడను కోసేస్తుంది! ఆ సంగతి ఆ పిల్లకు తట్టనే లేదు. పచ్చకాగితం చుట్టేసరికి లోపల ఏం జరిగిందో కనబడలేదు కూడా. చెండు మాత్రం, అబ్బ, చూడముచ్చటగా ఉంది.

రూతు తెల్లచీరలో బయటికొచ్చింది. “మా రంగి కట్టిందా!” అని మురిసిపోతూ చెండు చేతికి తీసుకుంది.

టప్! ఒక చామంతి తల కింద పడింది. ఇంకొకటి పడింది. రూతు కంగారుగా పట్టుకోబోతే మిగతావీ జలజలా రాలాయి. చేతిలో పచ్చకాగితం చుట్టిన కాడలు మాత్రం మిగిలాయి.

“అయ్యో, ఇప్పుడెట్లబ్బా!” అంది ఎస్తేరమ్మ. “ఈ తెల్ల పూలు ఆళ్లగడ్డ నుంచి తెప్పించినాం. మీ నాయన అంగట్లో గూడా లేవు. మళ్లా బస్సు మధ్యాన్నం గానీ రాదే!”

రూతు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా, “పాపను ఏమీ అనొద్దు చిన్నమ్మా. చెండు లేకుండానే పోతా” అంది.

తిట్టినా బాగుండేది. రంగనాయకికి ఏడుపు తన్నుకొచ్చింది. లంగా అంచుతో ముక్కు తుడుచుకుని ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్లింది.

“అత్తా, నాకు రాదు” అంది. పూల విషయంలో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. “వచ్చని ఊరికే చెప్పినా. మళ్లా మొదట్నుంచి చూపీ అత్తా. ఈసారి బాగా చూస్తా.”

ఎస్తేరమ్మ వెంటనే కింద కూర్చుంది. “రాలిన తలలు పారేయొద్దు. అన్నీ ఏరుకో, బిరీన! పువ్వు కింద పచ్చగా, గట్టిగా ఉండాది చూడు. ఈడ గుచ్చు. ఇంగ కాడతో పనేముంది? తీగే కాడ అయితాది.”

రంగనాయకి గుచ్చింది. చెయ్యి అలవాటుగా లాగబోయింది. ఆపుకుంది. తీగను పువ్వుకు ఊరికే ఆనించి, వేళ్లతో నెమ్మదిగా మెలిపెట్టింది. రేకులు చెదిరినవి కొన్ని పక్కన పెట్టేశారు. చెండు చిన్నదైపోయింది గానీ, రూతు దాన్ని పట్టుకుని చర్చిలో నడిచినంతసేపూ ఒక్క రేకు రాలలేదు. రంగనాయకి మాత్రం ఊపిరి బిగబట్టుకునే నిలబడింది.

పెళ్లయ్యాక చర్చి వాకిట్లో, సంజామల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చెండును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎంత ముద్దుగా ఉండాదమ్మా! ఎవరు కట్టినారు?”

రూతు రంగనాయకిని ముందుకు తోసింది. “ఇదిగో, మా పాపే!”

“అట్లనా! మా మనవరాలి పెళ్లి రాబోతాంది. నాకూ నేర్పిస్తావా తల్లీ?”

రంగనాయకి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నేనింగా నేర్చుకుంటాండా అవ్వా. మా ఎస్తేరత్త ఆడుండాది, పోదాం రా. నీకు చూపిచ్చేటప్పుడు నేనూ పక్కన కూచోని చూస్తా.”