మియెన్ పడవ వంతు

మియెన్ నాతో అన్న మొట్టమొదటి మాట "అబద్ధం."

ఆ రోజు నేను తన పడవలో కూర్చుని, నడుముకి స్పీకరూ చెవికి మైకూ తగిలించుకుని, మా టూరు జనానికి ఇంగ్లీషులో గొప్పగా చెప్పేస్తున్నాను. "చూడండి, మా నిన్ బిన్ ప్రాంతపు ఆడవాళ్ళు కాళ్ళతో తెడ్లు వేస్తారు. చేతులు కుట్టుపనికి ఖాళీగా ఉండాలని పూర్వం ఒక రాణిగారు పెట్టిన ఆచారం ఇది."

పడవ నడిపే అమ్మాయికి ఇంగ్లీషు రాదని నా ధీమా. వెనక నుంచి చక్కటి మా భాషలోనే "అబద్ధం" అని వినబడింది.

తిరిగి చూస్తే ఆ అమ్మాయి పలకకి చేరగిలబడి, రెండు పాదాలతో రెండు తెడ్లూ తోస్తూ, చేతుల్తో పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటోంది.

"మా అమ్మమ్మకి చేతులు నొప్పెట్టి కాళ్ళు వాడింది. అమ్మా అంతే. రాణీ లేదు, గాడిదగుడ్డూ లేదు."

"మరి నన్నేం చెప్పమంటావు?"

"నిజం చెప్పండి గైడు గారూ. చేతులు గింజలు తినడానికి ఖాళీగా ఉండాలని."

అదే చెప్పాను. జనం పడీ పడీ నవ్వారు. నేను మాత్రం పడిపోయాను, నవ్వుతో కాదు.

మూడు గుహలు దాటాక నది మలుపు తిరిగే చోట చల్లటి డ్రింకులమ్మే పడవలుంటాయి. వాళ్ళు దగ్గరికొచ్చి, "పాపం పిల్ల అలిసిపోయింది, ఒక క్యాన్ కొనివ్వండి" అంటారు. టూరిస్టులు జాలిపడి కొంటారు. ఆ క్యాన్ తాగేవాళ్ళు తక్కువ. సగం ధరకి అది మళ్ళీ అదే ఐసు పెట్టెలోకి చేరుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆరేళ్ళుగా బస్సులో ప్రతి గుంపుకీ నేనే హెచ్చరిక చేస్తాను. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులన్నారు కదా, ఆ రోజు అబద్ధానికి జరిమానాగా మియెన్‌కి ఒక క్యాన్ కొనిచ్చాను. తను పుచ్చుకుని పాదాల దగ్గర పెట్టుకుంది. 'ఇంటికెళ్ళి నన్ను తలుచుకుంటూ తాగుతుంది' అనుకున్నాను.

నేను ప్రతి శనివారం వస్తాను. రేవులో వందల పడవలున్నాయి. ఇంటికొక పడవ, పడవకొక నంబరు. వంతు ప్రకారం కదులుతాయి. ఏ పడవ ఏ గుంపుకి వస్తుందో బయటివాళ్ళెవరూ చెప్పలేరు. అయినా తరవాతి శనివారం నా గుంపు చివర నిలబడింది మియెన్ పడవే. ఆపై శనివారమూ అంతే. అలా వరసగా పదకొండు శనివారాలు!

"చూశావా? మనిద్దరికీ రాసిపెట్టుంది" అని గొప్పగా అన్నాను.

"అవునవును, దేవుడికి వేరే పని లేదు మరి" అంది మియెన్, గింజల తొక్కలు నీళ్ళలోకి ఊదుతూ.

లెక్కల్లో నాకెప్పుడూ పదికి రెండే వచ్చేవి. అందుకే ఇంకేమీ అనుమానించలేదు. ప్రతి శనివారం ఒక క్యాన్ కొనిచ్చాను. పెళ్ళి మాట మాత్రం నోట్లోంచి రాలేదు. రోజుకి పది గంటలు మూడు భాషల్లో వాగే నోరు, ఆ పిల్ల కళ్ళెత్తి చూసేసరికి బంకమట్టి మెక్కినట్టు అతుక్కుపోయేది.

ఇంతలో పిడుగులాంటి కబురు. "లాం, సోమవారం నుంచి నువ్వు సముద్రం టూరుకి" అన్నాడు మా మేనేజరు. అంటే మిగిలింది ఒకే ఒక్క శనివారం. ఇది దాటితే నేనెవరో, మియెన్ ఎవరో.

నోరు రానివాడికి చెయ్యే దిక్కు. హనోయ్‌లోనే క్యాన్ ఒకటి కొని, దాని అడుగున మార్కరుతో చీమ తలకాయంత అక్షరాలు రాశాను. 'నువ్వంటే ప్రాణం. పెళ్ళి మాట మాట్లాడాలి. నాలుగింటికి పగోడా మెట్ల దగ్గరికి రా. ఇట్లు, పసుపు జెండా.' పసుపు జెండా అంటే నేను, నా గుంపు తప్పిపోకుండా పట్టుకునేది. తన పేరు రాయాలని మొదటే గుర్తొచ్చుంటే బాగుండేది. చివర్న గుర్తొచ్చింది, అప్పటికి క్యాన్ అడుగు అయిపోయింది.

పన్నెండో శనివారం. వరి పసుపు తిరిగి నదికి రెండు పక్కలా ఒరిగి ఉంది. గుంపులో పద్నాలుగు మంది, పడవకి ఇద్దరు ముగ్గురు చొప్పున. అందులో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డోరిస్ గారనే డెబ్భై ఏళ్ళావిడ, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక రిటైరైన మాస్టారు నా పక్కనే ఎక్కారు. పడవ, చెప్పక్కర్లేదు, మియెన్‌దే.

మూడో గుహలోంచి బయట పడేసరికి వాన అందుకుంది. మియెన్ తన శంకు టోపీ తీసి డోరిస్ గారి నెత్తిన పెట్టింది. తడిసిన ముంగురులు నుదుటికి అంటుకుని, కనుబొమల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇదే సమయమనుకుని సంచిలోంచి క్యాన్ తీసి చేతికిచ్చాను.

"ఇవాళ ఇంటి దగ్గర్నుంచే తెచ్చారే?"

"చల్లగా ఉండగానే తాగు."

"వేడిగా ఉందండీ ఇది!"

"అడుగున..." అన్నాను.

"ఏంటి అడుగున?"

"నది అడుగున చేపలుంటాయి" అన్నాను.

మియెన్ నన్ను జాలిగా చూసి, క్యాన్ పాదాల దగ్గర పెట్టుకుంది.

మధ్యాహ్నం మేక మాంసం, కరకరలాడే మాడు అన్నం గొంతు దిగలేదు. పాత రాజధాని గుళ్ళలో ఏ రాజు గుడి ముందు ఏ రాజు కథ చెప్పానో నాకే తెలీదు. ఇద్దరు రాజుల్నీ ఒక్క రాణిగారే పెళ్ళాడింది కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు.

"మరి ఆ రెండో రాజు ఆవిడని ఎలా అడిగాడు?" అన్నారు డోరిస్ గారు.

"చరిత్రలో రాయలేదండి." క్యాన్ మీద మాత్రం రాసుండడు అనుకున్నాను.

మూడింటికి అందరం అద్దె సైకిళ్ళెక్కి పొలం గట్ల మీద పగోడాకి బయల్దేరాం. గైడు ముందుండాలి. ముందే ఉన్నాను, కానీ మనసు హ్యాండిలు మీద లేదు. బాతుల మంద అడ్డొచ్చింది. బాతుల్ని తప్పించి వరి మళ్ళోకి దిగిపోయాను. ఫ్రెంచి మాస్టారు కూడా ఇదీ టూరులో భాగమేననుకుని నా వెనకే దిగారు.

మోకాళ్ళ దాకా బురదతో నాలుగింటికి పగోడా మెట్ల దగ్గర ఆగాను. మెట్ల నిండా ఆడవాళ్ళే. సగం రేవు అక్కడే ఉంది. అందరూ నన్ను చూసి ఒకర్నొకరు మోచేతుల్తో పొడుచుకుంటున్నారు. మధ్య మెట్టు మీద పండగ నాటి వెల్వెట్ చొక్కా వేసుకుని, పెదాలు తాంబూలంతో పండించుకుని, ఒక ముసలావిడ దర్జాగా కూర్చుంది. లువా మామ్మ. డెబ్భై రెండేళ్ళు. మియెన్‌కి సొంత అమ్మమ్మ. ఆవిడ చేతిలో నా క్యాన్!

"రా బాబూ, పసుపు జెండా! సిగ్గుపడకు" అంది మామ్మ. "కళ్ళజోడు లేక పక్క పడవావిడ చేత చదివించుకున్నాను. నా మొగుడు పోయి పదకొండేళ్ళు. ఇంత ప్రేమగా ఆయన బతికుండగా కూడా ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఇంతకీ, ఇల్లరికం వస్తావా? నాకు ఒక పంది, రెండు మేకలు ఉన్నాయి."

మెట్లన్నీ గొల్లుమన్నాయి. ఆ నవ్వుల వెనక స్తంభానికి ఆనుకుని మియెన్ కనిపించింది. తను నవ్వడం లేదు.

"క్యాన్ నీకిచ్చాను కదా" అన్నాను.

"నేను అమ్మమ్మకిచ్చాను."

"మరి అంతకు ముందువి?"

"అవీ వేరే వాళ్ళకిచ్చాను."

"ఒక్కటీ తాగలేదా?"

"నాకా తీపి పడదు."

చుట్టూ ఇంత జనం, ఇంత నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పదకొండు శనివారాలు నేను మురిసిపోయింది ఏం చూసుకుని? జెండా చుట్టేసి, "పదండి, బస్సుకి టైమవుతోంది" అన్నాను మా వాళ్ళతో.

"ఆగరా వెర్రినాగన్నా!" మామ్మ కర్ర నేలకి తాటించింది. "ఎందుకిచ్చిందో అడగవేం? దీని పడవ వంతు నెలకి రెండు శనివారాలు కూడా పడదు. నీ గుంపు వచ్చే వేళకి వంతు ఎవరిదైతే వాళ్ళని బతిమాలి, క్యాన్ చేతిలో పెట్టి మార్చుకుంటుంది. మొదటి క్యాన్ మా పక్క పడవ బువోయ్‌కి, రెండోది వాళ్ళ తోటికోడలికి. వచ్చే శనివారం వంతు నాది. మనవరాలైనా సరే, వంతు వంతే. క్యాన్ తీసుకున్నాను."

నేను మియెన్ వైపు తిరిగాను. చెవుల దాకా ఎర్రబడిపోయి, స్తంభం మీది పెచ్చులు గోటితో గీకుతోంది.

"అయితే దేవుడు రాసిపెట్టింది కాదా?" అన్నాను.

"మీ మొహం! దేవుడు రాస్తే వచ్చేది ఆ చివరి మెట్టు మీద కూర్చున్న పిన్ని పడవ. తను గుహలో గురకపెట్టి నిద్రపోతుంది."

"మియెన్, వచ్చే శనివారం నేను రాను. సోమవారం నుంచి నన్ను సముద్రం టూరుకి మార్చేశారు."

తన మొహంలో రంగు ఒక్కసారిగా పోయింది. అప్పుడు కదా నాకు తెలిసింది, ఈ పిల్లకి నేనేమిటో.

"అమ్మమ్మా, క్యాన్ తిరిగిచ్చెయ్" అంది, చెయ్యి చాచి.

"తాగేశానే" అంది మామ్మ, క్యాన్ బోర్లించి చూపిస్తూ.

మియెన్ మెట్లు దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "రోజంతా ఎప్పటివో రాజుల కథలు చెప్తారు. సొంత కథ చెప్పడానికి డబ్బా కావలసొచ్చిందా? నోటితో చెప్పండి. పేరు పెట్టి చెప్పండి."

బంకమట్టి ఎక్కడికి పోయిందో తెలీదు. "మియెన్, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకో" అన్నాను.

నా గొంతు నాకే పదింతలుగా వినబడింది. కంగారులో నడుముకున్న స్పీకరు మీట నొక్కేసినట్టున్నాను! పగోడా గోడలు, ఎదుటి కొండ, పొలంలో పని చేసుకునేవాళ్ళు, అందరికీ చేరింది. దూరాన ఎవడో ఈల వేశాడు.

"ఏమన్నారు, ఏమన్నారు?" డోరిస్ గారు నా చొక్కా లాగారు. గైడుకి ధర్మమొకటి ఉంటుంది కదా, ఇంగ్లీషులో చెప్పాను. ఫ్రెంచి మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టి, తనకి సరిగ్గా అందలేదన్నారు. ఫ్రెంచిలో చెప్పాను. పన్నెండు వారాలు ఒక్కసారి చెప్పలేని మాట, నిమిషంలో మూడు భాషల్లో చెప్పాను. ప్రతిసారీ మియెన్ వైపే చూసి చెప్పాను, ప్రతిసారీ అంతే నిజం.

"సముద్రం టూరుకి వెళ్తే వెళ్ళు" అంది మియెన్, కళ్ళు తుడుచుకుంటూ. అంతవరకూ 'మీరు' అన్న పిల్ల ఏకంగా 'నువ్వు'లోకి దిగిపోయింది. "వాళ్ళకి ఆదివారాలుండవా ఏంటి? నేను చేసుకుంటాను. కానీ మా అమ్మకి నువ్వే చెప్పాలి. ఇప్పుడే. ఇక్కణ్ణుంచి పావుగంట."

నా చేతిలోంచి జెండా లాక్కుంది. మామ్మని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గట్టెక్కింది. మా వాళ్ళు పద్నాలుగు మందీ జెండా కదిలిందని అలవాటు కొద్దీ వెంట పడ్డారు. అందరికన్నా వెనక బురద కాళ్ళతో నేను తొక్కుతున్నాను.

మియెన్ వాళ్ళమ్మ అరుగు మీద మోకాలికి తైలం రాసుకుంటోంది. ముందు కూతురు, కూతురి వెనక తన తల్లి, ఆ వెనక గేటులోంచి ఒకటి తరవాత ఒకటిగా సైకిళ్ళు. ఆవిడ తైలం సీసా పక్కన పెట్టి నిలబడిపోయింది.

"అమ్మా, ఈయన లాం. నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు" అంది మియెన్.

ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. బురద దగ్గర చూపు కాసేపు ఆగింది. తరవాత ముంగిట్లో సర్దుకుంటున్న పద్నాలుగు మంది తెల్లవాళ్ళనీ చూసింది.

"ఇంతమంది మగపెళ్ళివారు వస్తున్నారని ముందే చెప్పొద్దుటే? కెటిల్‌లో నాలుగు కప్పుల నీళ్ళున్నాయి" అని మియెన్‌ని కసిరింది. ఆ గాభరాలో, మా భాషలోనే, ముంగిలంతా కలియజూసి అడిగింది. "సరే, ఇంతకీ అబ్బాయి తల్లి ఎవరు?"

మా అమ్మ ముప్ఫై కిలోమీటర్ల దూరాన నామ్ దిన్‌లో హాయిగా కునుకు తీస్తోంది. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా, టీ ఎవరికి కావాలని అడుగుతోందనుకుని డోరిస్ గారు ఉత్సాహంగా చెయ్యెత్తేశారు.

మియెన్ వాళ్ళమ్మ గబగబా చేతులు తుడుచుకుని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీ తెచ్చి ఆవిడకి వేసింది. టీ కప్పు రెండు చేతులా పట్టుకుని ముందుగా ఆవిడకే అందించింది.

"ఒక్కతే కూతురండీ మాకు" అంది. "కాస్త నోరెక్కువ. మీరే కడుపులో పెట్టుకు చూసుకోవాలి, వదినగారూ."

డోరిస్ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎదురుగా ఉన్న తల్లి కళ్ళలో నీళ్ళు చూసి, కప్పు కింద పెట్టి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గట్టిగా తలూపారు.