కుడి పక్క నొప్పి

"మాత్ర ఇవ్వండి, మింగి వెళ్తాను. మెడ పట్టించుకోడానికి గుడివాడ నుంచి రైలెక్కి రాలేదండీ," అన్నాడు దయానందం.

"మూడేళ్లుగా మాత్రలే మింగారుగా. తగ్గిందా?" అంది నర్సు సత్యవతి.

దయానందం గొణుక్కుంటూ మర్దనా బల్ల ఎక్కాడు.

అతను గుడివాడలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరు. పొద్దస్తమానం మెడ వంచి సీసపు అక్షరాలు ఏరి పేర్చడం పని. వారానికి రెండుసార్లు తలలో కుడి పక్క పోటు, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం. దాన్ని పార్శ్వపు నొప్పి అంటారని చెప్పి, బందరులో డాక్టరు శేషగిరిరావు గారు చీటీ రాసి ఈ గదికి పంపారు. పంపారన్న మాటే గాని ఆయనకీ పెద్ద నమ్మకం లేదు. సత్యవతి మద్రాసులో మర్దనా నేర్చుకొచ్చి, ఏడాదిపాటు బతిమాలితే, డాక్టరుగారు తన ఆసుపత్రిలో ఈ గది ఇచ్చారు.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మంలో ఆయా రాజమ్మ దూది చుడుతూ కూర్చుంది. సత్యవతి వేడినీళ్లలో పిండిన తువ్వాలు అతని మెడ మీద వేసి, కాసేపాగి, గోరువెచ్చని నూనెతో భుజాలు పట్టింది. తర్వాత పుర్రె కింద గుంటల్లో రెండు బొటనవేళ్లూ ఆనించి నొక్కింది.

"అబ్బా!"

"మీ జబ్బంతా ఇక్కడే ఉంది. మాట్లాడకుండా గాలి పీల్చండి."

"మాట్లాడకపోతే ఎలాగండీ?"

"నొప్పి ఉన్నవాళ్లు ఇన్ని మాటలాడరు."

ప్రతి శనివారం వచ్చాడు. నాలుగో వారానికి నొప్పి పూర్తిగా పోయింది. ఆ మాట చెబితే ఇక రావడానికి వంక ఉండదు. అందుకని మన బుద్ధిమంతుడు, "అలాగే ఉందండీ," అన్నాడు. ఆ పై వారమూ అదే మాట. ఇస్త్రీ చొక్కా, సెంటు మాత్రం కొత్తగా వచ్చాయి.

"తలనొప్పోళ్లు సెంటు వాసనకి ఆమడ దూరం పారిపోతారు బాబూ," అంది రాజమ్మ. అతను వినబడనట్టు బల్లెక్కాడు.

ఏడో వారం సత్యవతి అడిగింది. "ఇవాళ ఏ పక్క?"

"ఎడమ పక్కండీ."

ఆమె చేతులు ఆగిపోయాయి. "మీ చీటీలో కుడి పక్కని ఉందే!"

రోజంతా అచ్చు అక్షరాల్ని అద్దంలోలా తిరగేసి చదివేవాడికి కుడిఎడమలు కలిసిపోవడం వింతేం కాదు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

"ఇటు మారిందండీ," అన్నాడు.

ఎనిమిదో శనివారం వచ్చేసరికి గదిలో బల్ల లేదు.

"అమ్మాయిగారే వెళ్లి డాక్టరుగారితో చెప్పిందండి, నా చెయ్యి పడి నొప్పి అటునుంచి ఇటు మారిందీ అని," అంది రాజమ్మ. "ఆయన గది మూసెయ్యమన్నారు. సోమవారం నుంచి వార్డులో పనంట. రెండ్రోజుల్నించి అన్నం సరిగ్గా తినట్లేదు."

దయానందం సరాసరి డాక్టరుగారి గదిలోకి వెళ్లాడు. సత్యవతి అక్కడే, తాళంచెవి బల్ల మీద పెడుతోంది.

"గది మూయకండి డాక్టరుగారూ! నాకు నొప్పి పోయి నెలయింది. ఈవిడ చేతి వల్లే పోయింది."

"మరి నెల్లాళ్లు ఎందుకొచ్చావయ్యా?"

దయానందం ఈసారి అబద్ధం ఆడదలుచుకోలేదు.

"ఈవిణ్ణి చూడ్డానికండీ. ఈవిడంటే నాకిష్టం."

డాక్టరుగారు కళ్లజోడు తీసి ఇద్దర్నీ చూశారు. తాళంచెవి తిరిగి సత్యవతి వైపు జరిపారు. ఆమె అది తీసుకుని, దయానందం మొహం కూడా చూడకుండా వరండాలోకి వెళ్లిపోయింది. అతనూ వెనకే పరిగెత్తాడు. బయట జల్లు మొదలైంది.

"నా పని మీద నాకే అనుమానం తెప్పించారు. ఎంత ఏడ్చానో తెలుసా?"

"తప్పయిపోయిందండీ. ఇంక రాను."

సత్యవతి అతని చీటీ తీసి, దాని మీద "పూర్తిగా నయమైంది" అని రాసి, సంతకం చేసి చేతికిచ్చింది.

"అంటే ఇంక కనబడొద్దనేగా?" అన్నాడు దయానందం దిగులుగా.

"రోగులతో పనికి మించి మాట్లాడకూడదని నర్సులకి రూలు. నెల క్రితమే నిజం చెప్పుంటే, ఈపాటికి మిమ్మల్ని గూడూరులో మా ఇంటికి తీసుకెళ్లి మా నాన్నగారికి చూపించేదాన్ని," అంది సత్యవతి కోపంగా.