నాగక్క ఒప్పుకోలేదు

డోన్ రోడ్డులో పాడుబడిన నాపరాళ్ల గని ఒకటి ఉండాది. పొద్దు మునిగినాక ఆ దారిన పోయే ఆటోలు హారన్ కొట్టవు... కొడితే గుంతలోంచి నాగక్క తలెత్తి చూస్తుందంట.

నలభై ఏళ్ల కింద, చేతబడి చేసిందని ఊరు ఆమెను ఆడికే ఈడ్చుకుపోయింది. మంత్రం చదవడానికి నోరు తిరగకూడదని రాయితో పళ్లు రాలగొట్టినారు. ఆ తర్వాత గుంతలోకి తోసేసినారు. రాయి ఎవరి చేతిలో ఉండిందో ఎవరూ చెప్పలేదు. ఊరంతా కలిసి చేసిందన్నారు, అంతే.

ఆ కథనే నేను నాటకంగా రాస్తిని. ఇప్పుడు ఒప్పుకుంటాండేది నా తప్పు.

ఒప్పుకోమని ఎంత కొట్టినా నాగక్క తల అడ్డంగా ఊపుతానే చచ్చిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చివరి సీన్‌లో ఆమె చేత "అవును, నేనే చేసినా, మీ బిడ్డల్ని నేనే మింగినా" అనిపించినా. రిహార్సల్లో ఆ మాటకే చప్పట్లు పడినాయి.

నాగక్క వేషం కల్లూరు పిల్ల కృపమణిది. ఒక పొద్దున వచ్చి చెప్పింది— రాత్రి గని కాడ స్కూటీ ఆగిపోయిందంట. దిగబోతే వెనక సీటు కుంగింది... ఎవరో ఎక్కినట్టు. చెవి పక్కన ఊపిరి. పళ్లు లేని నోట్లోంచి గాలి పోయినట్టు ఒక మాట.

"నేను... ఒప్పుకోలే..."

ఆ డైలాగు తీసెయ్ ఫిరోజక్కా అని బతిమాలింది. అది తీసేస్తే నాటకం యాడుంటుంది, చరిత్ర పాఠానికి ఎవరొస్తారు అని నవ్వినా.

ప్రదర్శన నాడు ముందు వరుసలో ముఖ్య అతిథి, నాగక్క ఊరి పెద్ద మహానంది. మెడలో పూలదండ.

చివరి సీన్. కృపమణి నా డైలాగు చెప్పలేదు. పెదాలు రెండూ లోపలికి ముడుచుకొనింది. ముఖం ఒక్కసారిగా పీక్కుపోయింది. స్టేజీ అంచు దాకా వచ్చి, మెల్లగా—

"మహానందీ... పై పన్ను ఒకటి ఊడలేదని రెండోసారి కొడితివి. గుర్తుండాదా?"

ఆయన లేచినాడు.

"నేనొక్కన్నే కాదు గదా నాగక్కా... మా నాయన కొట్టమంటేనే గదా..."

నాలుగొందల మంది విన్యారు. సగం మంది ఫోన్లు పైకెత్తే ఉండినారు.

తెర దిగినాక కృపమణి చెయ్యి పట్టుకుంటి. రెండో దెబ్బ సంగతి నాగక్క చెప్పిందా... ఆ గని కాడ? అని అడిగితి.

కృపమణి అద్దంలో చూస్తా రంగు తుడుచుకుంటాండాది.

"దెయ్యమూ లేదు, స్కూటీ ఆగనూ లేదక్కా. నాగక్క మా అవ్వ. మా అమ్మకు అప్పుడు ఏడేళ్లు, రాళ్లకుప్ప వెనకాల్నుంచి అంతా చూసింది. నిజమేందో నీకు ముందే తెలుసు, అయినా మార్చకపోతివి. అందుకే దెయ్యాన్ని పంపిస్తి."

దూది పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"దాని మాటా వినకపోతివి."