ఏడో దీపం

తొమ్మిదో రోజు పొద్దున కూడా ఉప్మాయే వచ్చింది. గోడలో సొరుగు తెరుచుకుంది, ఏడు పళ్లేలు వరసగా బయటికొచ్చాయి, ఏడుగురూ వాటి వంక చూసి నిట్టూర్చారు. మొదటిరోజు ఇదే ఉప్మాని లొట్టలేసుకుంటూ తిన్నారు పాపం. పైడితల్లి తన పళ్లెం అందుకుని, అలవాటు కొద్దీ ఎదుటి గోడకేసి చూసింది. అక్కడ ఏడు దీపాలున్నాయి. ఆరు పచ్చగా వెలుగుతున్నాయి, ఏడోది ఎర్రగా ఉంది. ఆ ఏడోది ఆమెది.

ఈ దీపాల సంగతి కాస్త చెప్పుకోవాలి. 2074 నాటికి సీరియళ్లు రాసే పని మనుషులు మానేసి చాలా కాలమైంది. కథ యంత్రమే రాస్తుంది, బొమ్మ యంత్రమే కడుతుంది. మనవాళ్లు చూడటం మాత్రం మానలేదు. చూసి పోట్లాడుకోవడం అసలే మానలేదు. ఒక సీరియల్ చివరి సీజన్ నచ్చక విజయవాడలో మూడు రోజులు బస్సులు తిరగలేదు. పోనీ ముగింపుకి ఓటింగ్ పెడదామంటే, ఓటర్ల కంటే ఓట్లు ఎక్కువొచ్చాయి. అప్పుడు డాక్టర్ సుగుణరత్నం అనే నాడీశాస్త్రవేత్త 'ముక్తాయి' అనే యంత్రాన్ని తయారుచేశాడు.

మనిషి ఒక మాటని పైకి ఒప్పుకున్నప్పుడు మెదడులో పుట్టే తరంగం వేరు, లోపల నిజంగా నమ్మినప్పుడు పుట్టే తరంగం వేరు. ఈ రెండోదానికి ఆయన 'నమ్మిక రేఖ' అని పేరు పెట్టాడు. నుదుటికి కట్టుకునే సన్నటి పట్టీలోని సెన్సర్లు దాన్ని పట్టేస్తాయి. దాని ముందు అబద్ధం చెల్లదు, మొహమాటమూ చెల్లదు. అభిమానుల్లోంచి లాటరీలో ఏడుగురిని తీసి ఒక గదిలో కూర్చోబెడతారు. వాళ్లు ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఏడుగురూ ఒకే ముగింపుని మనసారా నమ్మిన క్షణాన ఏడు దీపాలూ పచ్చబడతాయి, తలుపు తెరుచుకుంటుంది, ముక్తాయి చివరి సీజన్ రాయడం మొదలుపెడుతుంది.

తలుపు పక్కన ఒక తెల్ల బొత్తం కూడా ఉంది. ఉండలేనివాళ్లు అది నొక్కి వెళ్లిపోవచ్చు. కాకపోతే ఆ నొక్కడంతో సీరియల్ శాశ్వతంగా ఆగిపోతుంది, నొక్కినవారి పేరు ప్రకటిస్తారు. రెండేళ్ల కిందట రాజమండ్రి ఆయనొకడు నొక్కాడు. ఇప్పుడాయన ఏ ఊళ్లో, ఏ పేరుతో ఉంటున్నాడో సొంత తమ్ముడికి కూడా తెలియదు. అందుకని ఆ బొత్తం మీద దుమ్ము పేరుకుంటోంది.

ఇక వీళ్ల చేతికొచ్చిన సీరియల్ మామూలుది కాదు. 'ఉప్పుటేరు స్టేషన్' తొమ్మిది సీజన్లు ఆడింది. అందులో డీఎస్పీ మార్తాండరావు నిందితుడి మీద చెయ్యి ఎత్తడు. ఎదురుగా కూర్చోబెడతాడు, టీ తెప్పిస్తాడు, "టీ చల్లారిపోతోంది, తాగేసి చెప్పు" అంటాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి, ఏ పాపం ఎరగనివాడు కూడా నేనే చేశానని సంతకం పెట్టేస్తాడు. ఆ మాట వీధుల్లో పిల్లలు కూడా అనుకరించేవాళ్లు. తర్వాత అతని తొలి రోజుల కథ మొదలైంది. అందులో కుర్ర ఎస్సై మార్తాండం కుక్కని కూడా కసరలేడు. నాలుగు సీజన్లయ్యాయి, ఇప్పుడు వీళ్లు తేల్చాల్సింది ఆఖరిది. ఇంత మెతక మనిషి అంత క్రూరుడెలా అయ్యాడో ఇందులో తేలిపోవాలి.

ఆరుగురికి రెండో రోజే తేలిపోయింది. మార్తాండం జాలిపడి ఒక దొంగని వదిలేస్తాడు, ఆ దొంగే అతని భార్య ఇందుమతిని చంపేస్తాడు, ఆ రోజునుంచీ అతను మనిషన్నవాణ్ణి నమ్మడు. ఈ మాట వినగానే కర్నూలు రుబీనా కళ్లొత్తుకుంది. పెద్దపల్లి డ్రైవర్ ఓదెలు బల్ల మీద గుద్దాడు. రిటైరైన హెడ్మాస్టారు భానోజీరావు "శభాష్" అన్నారు. ఒక్కొక్కటిగా దీపాలు పచ్చబడ్డాయి. పైడితల్లిది మాత్రం కదల్లేదు.

ఆమె విశాఖపట్నంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాట తక్కువ.

"అంత జరగక్కర్లేదండి," అంది. "ఒకరోజు డూటీ అయిపోనాది. ఎదురుగా ఒకడున్నాడు, ఒప్పుకోడంలేదు. ఆడొక్కడు ఒప్పుకుంటే అందరూ ఇళ్లకి పోవచ్చు. కూకోబెట్టి, టీ ఇచ్చి, మంచిగా మాటాడి ఒప్పించేసినాడు. తేలిగ్గా అయిపోనాది. మర్నాడు మళ్లీ అలగే సేసినాడు."

"గింతేనా?" ఓదెలు నవ్వాడు. "ఇంటికి వోవాల్నని మనిషి రాక్షసుడైతడా?"

"దాంట్లో ఏడుపు యాడుందక్కా?" అంది రుబీనా. "ఏడుపు లేకుంటే జనం ఏంటికి చూస్తారు?"

పైడితల్లి తన మాటని గాల్లోంచి పట్టుకురాలేదు. ఆమెకి ఎనిమిదేళ్లప్పుడు, వాళ్ల నాన్న సింహాద్రి ఓడల యార్డులో కాపలా ఉండేవాడు. రాగితీగ చుట్టొకటి మాయమైంది. స్టేషన్‌కి పిలిచారు, మూడో రోజుకి నేనే తీశానని సంతకం పెట్టి వచ్చాడు. ఆర్నెల్లకి ఆ చుట్ట అదే యార్డులో తుక్కు కింద దొరికింది, అసలెవరూ తీయనే లేదు. కేసు పోయింది. సింహాద్రి మాత్రం తేరుకోలేదు. "ఒక్క దెబ్బ కొట్టలేదే అమ్మా. ఆ ఎస్సైబాబు సేత్తో టీ ఇచ్చినాడు. నానే తీసి అక్కడెట్టి మర్సిపోనానేమో" అంటూనే ఉన్నాడు ఇరవై ఎనిమిదేళ్లుగా. అన్నప్పుడల్లా పైడితల్లి, "నువ్వు తియ్యలేదు నాన్నా. నిన్ను నమ్మించేసినారు" అంటుంది. ఆ ముసలాయనకి ఆ మాటే ఆధారం. అది చెప్పేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు.

నాలుగో రోజు దాకా అందరూ బాగానే ఉన్నారు. పైడితల్లి చలిగా ఉందంటే ఓదెలు తన దుప్పటి ఇచ్చాడు. రుబీనా రోజూ ఆమెకి జడ వేసేది. అయిదో రోజు రుబీనా జడ వేస్తూ వేస్తూ ఆపేసింది. "మా పాపకి రెండేండ్లక్కా. నేను లేకుంటే నిద్రపోదు. నీకు చేతులెత్తి మొక్కుతా, ఒప్పుకోక్కా."

పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "సరే, ఒప్పుకున్నాను. దొంగే ఇందుమతిని సంపేసినాడు," అంది గట్టిగా.

"క్షమించండి," అంది ముక్తాయి, రైల్వే స్టేషన్‌లో ప్రకటన చదివే గొంతుతో. "ఏడో దీపం ఇంకా ఎర్రగానే ఉంది."

అబద్ధమాడి బయటపడే దారి కూడా లేదు. ఆమె తల ఆమె మాట వినదు. ఆ రోజునుంచీ గది ఇరుకైపోయింది. ఓదెలు మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్లు వంతులు వేసుకున్నట్టు, ఒకరు లేస్తే ఒకరు వచ్చి ఆమె పక్కన కూర్చునేవారు. తిట్టినవాడు లేడు. అందరూ బతిమాలేవాళ్లే. ఆమె కునుకు తీయబోతే, "పడుకో తల్లీ, ఈ ఒక్కటీ ఆలోచించి పడుకో" అనేవారు. పైడితల్లికి రోజుల లెక్క తప్పింది. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపలివాళ్లు తలుపులు ఎందుకు బాదుతారో, పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆమెకి అర్థమైంది. ఎనిమిదో రోజు ఇక ఆగలేక నాన్న సంగతంతా చెప్పేసింది. చెప్పాక భయం వేసింది.

తొమ్మిదో రోజు ఉప్మా తర్వాత భానోజీరావు మాస్టారు రెండు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చల్లటి మనిషి. నలభయ్యేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పారు, ఒక్కణ్ణీ కొట్టలేదు.

"అమ్మా, ఆ ఎస్సై మీ నాన్నగారికి టీ ఇచ్చాడన్నావు. కొట్టలేదన్నావు. మరి ఆయన చెడ్డవాడెలా అయ్యాడు?"

పైడితల్లి దుప్పటి భుజాల మీదకి లాక్కుంది.

"సరే, అది వదిలెయ్యి. మమ్మల్ని చూడు. తొమ్మిది రోజుల్నుంచీ ఇంటికి వెళ్లాలని మాకూ తొందరగానే ఉంది. నువ్వు చెప్పేదే నిజమైతే, ఈపాటికి మేమందరం మార్తాండరావులం అయిపోవాలి కదా? మేం నీకు అలా కనిపిస్తున్నామా?"

ఆమె తలెత్తి ఒక్కొక్కరినీ చూసింది. రుబీనా మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉంది. ఓదెలు దుప్పటి ఇంకా ఆమె భుజాల మీదే ఉంది. ఈ గదిలో ఒక్క చెడ్డమనిషి దొరికితే బాగుండునని వెతికింది. దొరకలేదు. ఇంత మంచివాళ్లు ఊరికే అలా అయిపోరు. అలా అవ్వాలంటే ఏదో పెద్ద ఘోరం జరగాలి. నిజమే కదా, జరగాలి కదా...

"టీ చల్లారిపోతోందమ్మా," అన్నారు మాస్టారు ఆప్యాయంగా. "తాగేసి చెప్పు."

సీరియల్ మొత్తం కంఠతా వచ్చినవాళ్లు ఆరుగురున్నారు ఆ గదిలో. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. పైడితల్లి మాత్రం ఈ మాట ఎక్కడో విన్నాననుకుంది. కానీ గ్లాసు వెచ్చగా ఉంది, ఆమె బాగా అలసిపోయి ఉంది, మాస్టారి కళ్లలో దయ తప్ప ఇంకేమీ లేదు. తాగింది.

గ్లాసు కింద పెట్టేసరికి గదిలో కేకలు మొదలయ్యాయి. రుబీనా వచ్చి కావలించుకుంది. ఏడో దీపం పచ్చగా వెలుగుతోంది.

మూడు నెలలు గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం చివరి భాగం వస్తుందనగా డాక్టర్ సుగుణరత్నం ఫోన్ చేశాడు.

"ముక్తాయి మీ ముగింపే రాసిందమ్మా."

"మాదే కదండీ. ఇందుమతిని..."

"అది కాదు. మీరు మొదటి ఎనిమిది రోజులూ చెప్పినది. ఎందుకిలా చేశావని దాన్నే అడిగాను. 'నమ్ముతారో లేదో చూడమన్నారు, చూశాను. ఎలా నమ్మించారో కూడా చూశాను. అంతకంటే నమ్మదగిన ముగింపు నాకు దొరకలేదు' అంది."

"నేనలగ ఎందుకన్నానో నాకిప్పుడు తెలీదండి," అంది పైడితల్లి. "ఆలోసిస్తే నవ్వొస్తంది."

"నమ్మారో లేదో కనిపెట్టే యంత్రమే చేశాను," అన్నాడు సుగుణరత్నం. "అది ఏ దారిన వచ్చిన నమ్మకమో అడగలేదు. అది నా తప్పు."

తెర మీద కుర్ర ఎస్సై మార్తాండం ఒక కాపలావాడి ఎదురుగా కూర్చున్నాడు. వెనక అయిదుగురు కానిస్టేబుళ్లు, అందరూ ఇళ్లకి వెళ్లాల్సినవాళ్లే. ఒకడు దుప్పటి ఇచ్చాడు, ఒకడు తన పాప గురించి చెప్పి బతిమాలాడు. మార్తాండం టీ గ్లాసు ముందుకి జరిపి, "మేం నీకు చెడ్డవాళ్లలా కనిపిస్తున్నామా?" అన్నాడు.

అప్పుడే ఏడుగురి గ్రూపులో మెసేజీలు మోగాయి. 'గిదేం ముగింపు' అని ఓదెలు. 'ఏడుపే రాలే' అని రుబీనా. భానోజీరావు మాస్టారు మాత్రం తీరిగ్గా రాశారు: 'మంచి మనిషి ఇంటికి వెళ్లే తొందరలో ఇలా చేస్తాడా? ఆ సంభాషణ కూడా చాలా కృతకంగా ఉంది. ఇలా ఎవరు మాట్లాడతారు?' పైడితల్లికి అక్షరాలా అదే అనిపించింది.

పక్కన కుర్చీలోంచి సింహాద్రి ముందుకి వంగాడు. టీ గ్లాసు చేతిలోంచి బల్ల మీద పెట్టేశాడు.

"ఇలగే," అన్నాడు. "ఇలగే జరిగినాదే అమ్మా! ఆ బాబు ఇలగే కూకున్నాడు, ఇదే మాటన్నాడు. నాను తియ్యలేదు. ఒలే, నాను తియ్యలేదే!" ముసలాయన ముఖం మీంచి ఇరవై ఎనిమిదేళ్ల బరువు దిగిపోతోంది. ఏడుస్తూ నవ్వుతూ కూతురి వైపు తిరిగాడు, ఎప్పుడూ వినే ఆ మాట కోసం.

పైడితల్లి తండ్రి వంక జాలిగా చూసింది. ఆ ఎస్సై మంచివాడేగా. దెబ్బ కూడా కొట్టలేదు. ఏ కారణమూ లేకుండా అంత మంచివాడు ఒక అమాయకుడి చేత సంతకం పెట్టిస్తాడా? ఆ చుట్ట మాత్రం దానంతటది తుక్కు కిందకి ఎలా వెళుతుంది?

"కత నాన్నా అది," అంది మెత్తగా, ఆయన భుజం నిమురుతూ. "ఊరికే అలగ ఎవరు సేత్తారు, సెప్పు? నీ మంచికే సెప్తన్నాను. పాత సంగతులు తవ్వుకోకు. టీ సల్లారిపోతంది, తాగీ."

సింహాద్రి కూతురి ముఖంలోకి చాలాసేపు చూశాడు. గ్లాసు అందుకున్నాడు. తాగడం అయిపోయాక, "అవునేమోనే అమ్మా," అన్నాడు. "నానే తీసినానేమో."