కోతకు గడువు

దేవిది భీమునిపట్నం. కడుపులో అపెండిక్స్ పగిలి చుట్టూ చీము గడ్డకడితే, విశాఖ ఆసుపత్రిలో గొట్టం వేసి ఆ చీము తీస్తున్నారు.

"ఇప్పుడు కోస్తే పేగు చిరిగే ప్రమాదముంది. మందులతో వాపు తగ్గనిచ్చి, కొన్ని వారాలాగి ఆపరేషన్ చేద్దాం," అన్నాడు డాక్టరు గురునాథరావు.

మొగుడు దొరబాబు దండం పెట్టేశాడు. "ఆగుదాం బాబూ. అనూరాధకి ఆ రోజే కోసీసినారు. మరి లెగలేదు."

అనూరాధ అతని మొదటి పెళ్ళాం. ఇదే జబ్బుతో పోయింది. దేవికి కడుపులో పోటుకన్నా ఆ పేరే ఎక్కువ మండింది. చేపల వేటకెళ్ళేముందు అతని నోట ఆ పేరే. చేతిమీద పచ్చబొట్టూ ఆ పేరే. ఆఖరికి తన రోగం కూడా దానిదేనా?

"నా పక్కన కూకుని దానికోసం ఏడుస్తన్నావేటి మావా?"

దొరబాబు తలదించుకుని టీ తేవడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నమే సముద్రం మీంచి మబ్బు కమ్ముకొచ్చింది. వార్డంతా మసక. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. స్పిరిట్ వాసనలోంచి సన్నగా కుళ్ళు చేపల వాసన లేచింది. మంచం పక్కన స్టూలు కిర్రుమంది.

"మావా?"

దుప్పటి కింద చల్లటి చెయ్యి పాకింది. దేవి కళ్ళు తెరిచింది.

ఇంట్లో గోడమీద ఫోటోలో, దండ వెనక రోజూ చూసే మొహం.

"నాకోసం ఎవులూ ఆగలేదు…" గుసగుసగా అంది అనూరాధ. "నీకెందుకు ఆగాల?"

వేళ్ళు పొట్టమీద ఒత్తాయి. తోలు తెగలేదు. రక్తం రాలేదు. కానీ వేళ్ళు… లోపల కదులుతున్నాయి.

"నానే కోత్తాను."

కరెంటొచ్చింది. స్టూలు ఖాళీ. గుమ్మంలో దొరబాబు, చేతిలో టీ.

దేవి చెప్పలేదు. చెబితే మళ్ళీ దాన్నే తలుచుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపు చూడ్డం కన్నా నోరు మూసుకోవడమే నయమనుకుంది.

ఆ సాయంత్రానికే నొప్పి మాయమైంది. జ్వరం దిగింది. వారాలు గడిచాక, ముందనుకున్నట్టే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు.

మెలకువొచ్చేసరికి గురునాథరావు మంచం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"స్కాన్‌లో కనబడిన అపెండిక్స్ లోపల లేదమ్మా. ఎవరో ముందే కోసి ముడేశారు. ఎక్కడ చేయించుకున్నావ్? ఒంటిమీద పాత కోత గుర్తే లేదు."

"ఎక్కడా లేదు బాబూ…" అంది దేవి. "దారంతో కట్టినారా?"



"దారం కాదు. ఆడమనిషి తలవెంట్రుక. తీసేద్దామని లాగాను. లాగుతుంటే వస్తూనే ఉంది… కొస దొరకలేదు. కత్తిరించి, మిగతాది లోపలే వదిలేశాను."

దేవి పొట్టమీద చెయ్యేసుకుంది.

లోపల ఎవరో… మెల్లగా… ఆ వెంట్రుకని లాక్కుంటున్నారు.